సిమెంటు లెక్క తెలిసిన సివిల్ ఇంజినీర్ కావాలి

ఆ మధ్య గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ సివిల్ విద్యార్థులతో మాట్లాడటానికి వెళ్లాను. నేను చెప్పాల్సింది చెప్పాక వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. ‘‘సార్, బిమ్ కోర్సుకు యాభై వేలు ఫీజంటున్నారు. నాన్న అప్పు చేసైనా కడతానంటున్నాడు. మా బాబాయి విజయవాడలో అపార్ట్‌మెంట్లు కడతాడు. ఆయన్ని అడిగితే ‘మన దగ్గర అవన్నీ ఎవరు వాడతార్రా, లెక్కలన్నీ నా బుర్రలోనే ఉన్నాయి’ అన్నాడు. నేను ఎవరి మాట వినాలి?’’ అని అడిగాడు.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అది అతనొక్కడి ప్రశ్న కాదు. సివిల్ చదివి, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలా సైటుకెళ్లాలా అని తేల్చుకోలేక సతమతమవుతున్న వేలమంది ప్రశ్న. అప్పటికి రెండు ముక్కల్లో ఏదో చెప్పి బయటపడ్డాను. పూర్తి సమాధానం ఇప్పుడు చెబుతాను. క్లుప్తంగా అయితే ఇదీ: బాబాయి చెప్పింది సగం నిజం. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పింది ఇంకో సగం నిజం. ఆ రెండు సగాల మధ్య ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. దానికి పేపర్లో ప్రకటన రాదు, క్యాంపస్‌కు కంపెనీ రాదు. అడిగి తీసుకోవాల్సిందే.

బుర్రలో ఉన్న లెక్క

ముందు ఆ బాబాయి గురించి చెప్పుకుందాం. అలాంటి బిల్డర్లు మన ప్రతి పట్టణంలో ఉన్నారు. ఒకేసారి రెండు మూడు సైట్లు నడుస్తుంటాయి. ఆఫీసులో ఇద్దరో ముగ్గురో. సైటుకో సూపర్‌వైజర్. సెంట్రింగ్‌కు ఒక మేస్త్రీ, రాడ్ బెండింగ్‌కు ఒకరు, ఇటుక పనికి మరొకరు. సిమెంటు లెక్క ఒక నోటు పుస్తకంలో, కూలీల లెక్క ఇంకో పుస్తకంలో, అడ్వాన్సులు డైరీలో, బిల్లులు ఒక సంచిలో. నెలాఖరుకు ఆ సంచి ఆడిటర్ దగ్గరికి వెళుతుంది. అక్కడ ట్యాలీలోకి ఎక్కుతుంది.

ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 2025 ఏప్రిల్ 1 నుంచి 100 కోట్ల టర్నోవర్ వరకు చిన్న సంస్థ, 500 కోట్ల వరకు మధ్యతరహా సంస్థ కింద లెక్క. యంత్రాలపై పెట్టుబడికీ వేరే పరిమితి ఉందనుకోండి. అంటే మీ ఊళ్లో పేరున్న బిల్డర్లలో చాలామంది ఈ గొడుగు కిందికే వస్తారు. పెద్ద కంపెనీల్లో ప్లానింగ్‌కు ఒక విభాగం, బిల్లింగ్‌కు ఒక విభాగం ఉంటాయి. ఇక్కడ అన్నీ ఒక్క మనిషే.

ఆయన్ని టెక్నాలజీ తెలియని మనిషి అనుకోకండి. ప్లాన్ అనుమతికి డ్రాయింగ్ ఆన్‌లైన్లోనే పెడతాడు. సిమెంటు డీలర్‌కు డబ్బు ఫోన్లోనే పంపుతాడు. సైటు ఫొటోలు వాట్సాప్ గ్రూపులో చూస్తాడు. ఇబ్బందల్లా వీటిలో ఒకదానికొకటి పొంతన లేకపోవడమే. గ్రూపులో ‘200 బస్తాలు దిగాయి’ అని మెసేజ్ ఉంటుంది. ఆ బస్తాల్లో ఏ స్లాబుకు ఎన్ని వాడారో ఎక్కడా ఉండదు. మూడు నెలల తర్వాత వెతికితే ఆ మెసేజ్ గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద ఎక్కడో పడి ఉంటుంది.

ఒక సైటు ఉన్నంతకాలం బుర్రలో లెక్క సరిపోతుంది. రెండో సైటు మొదలయ్యేసరికి అక్కడి కమ్మీ ఇక్కడికి, ఇక్కడి సిమెంటు అక్కడికి తిరుగుతుంటుంది. మూడో సైటు వచ్చేసరికి ఏ బిల్డింగులో లాభం వచ్చిందో, ఏ బిల్డింగులో చేతి డబ్బు పోయిందో ఆయనకే తెలియదు. అన్ని ఫ్లాట్లూ అమ్మాక మిగిలిందే లాభం. మిగలకపోతే ‘కమ్మీ రేటు పెరిగింది’ అనుకుంటాడు. రేటు పెరిగిన మాట నిజమే కావచ్చు. కానీ ఎంత రేటు వల్ల పోయింది, ఎంత వృథా వల్ల పోయింది అన్నది చెప్పే కాగితం ఆయన దగ్గర లేదు.

ఇది మన బాబాయిల దగ్గరే ఉన్న జబ్బు అనుకోనక్కర్లేదు. ప్రపంచమంతా ఇదే వరస. మెకిన్సే గ్లోబల్ ఇన్‌స్టిట్యూట్ 2017లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. అంతకుముందు రెండు దశాబ్దాల్లో నిర్మాణ రంగంలో కార్మిక ఉత్పాదకత ఏటా సగటున 1 శాతమే పెరిగింది. అదే కాలంలో మొత్తం ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో పెరుగుదల 2.8 శాతం. డిజిటల్ వాడకంలో బాగా వెనకబడిన రంగాల్లో నిర్మాణ రంగం ఒకటని కూడా అదే నివేదిక చెప్పింది.

కొన్న యాప్ ఎందుకు మూలపడింది

‘అయితే సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుంది కదా’ అని మీరు అనొచ్చు. కొన్నవాళ్లున్నారు. నేను పని చేసిన ఒక చిన్న సంస్థలోనే కొన్నాం. ఏం జరిగిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

మా ఓనర్ ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లొచ్చి, సైటు పనులన్నీ ఫోన్లో నడిపే యాప్ ఒకటి కొన్నారు. ఆరుగురికి లాగిన్‌లు ఇచ్చారు. కూలీల హాజరు, వచ్చిన సరుకు, వాడిన సరుకు, రోజూ ఫొటోలు, అన్నీ అందులో ఎక్కించాలన్నారు. మొదటి నెల ఉత్సాహంగా సాగింది. రెండో నెలకే సైటు ఇంజినీర్ పగలంతా పాత నోటు పుస్తకంలో రాసుకుని, రాత్రి తొమ్మిదింటికి రూముకెళ్లి అదంతా యాప్‌లో ఎక్కించడం మొదలుపెట్టాడు. అంటే ఒకే పని రెండుసార్లు. మూడో నెలలో అతను పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. లాగిన్ ఓటీపీ అతని నంబరుకే వస్తుంది. నాలుగో నెలకు యాప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నోటు పుస్తకం మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పులు కనబడ్డాయి. మొదటిది, కొత్తది తెచ్చాం గానీ ఏ పుస్తకం మూసేయాలో ఎవరూ చెప్పలేదు. రెండోది, పేర్లూ కొలతలూ కుదరలేదు. ఇరవై ఎంఎం కంకర ఒకటే అయినా యాప్‌లో మూడు పేర్లతో ఎక్కింది. ఇసుక ట్రాక్టర్ల లెక్కన దిగింది, బిల్లు టన్నుల్లో వచ్చింది, వాడకం ఘనపుటడుగుల్లో రాశారు. మూడూ కలిపితే ఏ అర్థమూ రాలేదు. మూడోది అన్నిటికంటే పెద్దది. ఓనర్ ఆ ఫొటోలు చూసి ‘తొమ్మిదిన్నరైనా పని మొదలవలేదేం’ అని మేస్త్రీకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. మేస్త్రీకి ఆ ఫోన్ తన మీద పెట్టిన కాపలాలా కనబడింది. అక్కడి నుంచి ఆయన సరైన లెక్క చెప్పడం మానేశాడు.

ఆ యాప్ చెడ్డదేమీ కాదు. దానికీ సైటుకీ మధ్య ఒక మనిషి కావాలి. పని తెలిసి, కొలత తెలిసి, మేస్త్రీ నమ్మే మనిషి. ఆ మనిషి మా దగ్గర లేడు. ఇప్పటికీ చాలా సంస్థల్లో లేడు. ఖాళీగా ఉందన్నానే, ఆ ఉద్యోగం ఇదే.

ఇప్పుడు అవసరం ఎందుకొచ్చింది

పదేళ్ల క్రితం ఇదే మాట చెబితే బాబాయి విని ఊరుకునేవాడు. ఇప్పుడు ఆయనకు కూడా లెక్క కావాలి. కారణం చట్టాలు.

రెరా చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 8కి మించి ఫ్లాట్లు కట్టి అమ్మాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరున విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. అందులోంచి తీయాలంటే ఎంత శాతం పని పూర్తయిందో ఇంజినీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరించాలి. పని పురోగతిని మూడు నెలలకోసారి రెరా వెబ్‌సైట్లో పెట్టాలి. ఇప్పుడు ఆలోచించండి. ఎంత పని అయిందో కాగితం మీద లేని బిల్డర్‌కు తన ప్రాజెక్టు డబ్బు తన చేతికి రావడమే ఆలస్యమవుతుంది. డబ్బు ఆగితే సిమెంటు ఆగుతుంది. సిమెంటు ఆగితే కూలీలు వేరే సైటుకు వెళ్లిపోతారు.

రెండోది జీఎస్టీ. 2019 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణంలో ఉన్న మామూలు ఫ్లాట్లపై పన్ను 5 శాతం. ఆ పద్ధతిలో ఉన్న బిల్డర్ తను కొనే సరుకులూ సేవల్లో కనీసం 80 శాతం రిజిస్టరైన డీలర్ల దగ్గరే కొనాలి. తగ్గితే, తగ్గిన మేరకు పన్ను ఆయనే కట్టుకోవాలి. సిమెంటయితే రిజిస్టర్ కానివాళ్ల దగ్గర కొన్నది ఎంతైనా పన్ను బిల్డరే కట్టాలి. సంచిలో బిల్లులు వేసి నెలాఖరుకు ఆడిటర్‌కిస్తే ఈ 80 శాతం సంగతి ఎప్పుడు తెలుస్తుంది? అంతా అయిపోయాక.

వీటికి తోడు బ్యాంకు వాళ్లు అప్పివ్వాలంటే ఖర్చు వివరాలు అడుగుతున్నారు. ఫ్లాట్ కొనేవాళ్లు అమెరికాలోనో బెంగళూరులోనో కూర్చుని ‘మా ఫ్లోర్ ఎంతవరకొచ్చింది, ఫొటో పెట్టండి’ అంటున్నారు. ఇవన్నీ కలిసి బాబాయిని కంప్యూటర్ వైపు నెడుతున్నాయి. ఆయన అటు వెళ్లాలనుకుంటున్నాడు కూడా. చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు దొరకట్లేదు.

ఒక స్లాబుతో మొదలుపెట్టండి

మీరు అక్కడికెళ్లి మొదటిరోజే సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పొద్దు. ఒక స్లాబు లెక్క వేసి చూపించండి.

2,000 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం అనుకుందాం. అది సుమారు 833 ఘనపుటడుగులు, అంటే 23.6 ఘనపు మీటర్లు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 190 బస్తాల దగ్గర తేలుతుంది. బీములు వేరే లెక్క. ఇప్పుడు పుస్తకంలో స్లాబు వరకే 230 బస్తాలు వాడినట్టుంటే, ఆ 40 ఎక్కడికి పోయాయి? వెంటనే ఎవరినీ దొంగ అనకండి. స్లాబు మందం 5 అంగుళాల చోట 6 అంగుళాలు పడితే చాలు, 38 బస్తాలు అదనంగా లేస్తాయి. అంటే లోపం సెంట్రింగ్ లెవెల్‌లో ఉండొచ్చు. మిగిలిన బస్తాలు పక్క సైటుకు వెళ్లి, పుస్తకంలో రాయకపోయి ఉండొచ్చు. లెక్క ఉంటే ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. లెక్క లేకపోతే అనుమానమే మిగులుతుంది.

కమ్మీ సంగతి చూడండి. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని మీరు చదివారు. 16 ఎంఎం కడ్డీ మీటరుకు 1.58 కిలోలు. 12 మీటర్ల కడ్డీలోంచి మూడున్నర మీటర్ల ముక్కలు కోస్తే మూడే వస్తాయి. మీటరున్నర ముక్క మిగులుతుంది. అంటే ఎనిమిదో వంతు పక్కకు పోయింది. అదే మీటరున్నర ముక్క ఇంకోచోట కావాల్సి ఉంటే ముందే చూసుకుని అక్కడ వాడొచ్చు. బార్ బెండింగ్ షెడ్యూల్‌ను ఎక్సెల్‌లో వేసి, కోతకు ముందు రాడ్ బెండింగ్ మేస్త్రీతో పావుగంట కూర్చుంటే ఇది కుదురుతుంది. ఒక బిల్డింగుకు 50 టన్నుల కమ్మీ, టన్ను 60 వేలు అనుకుంటే, వృథాలో 3 శాతం తగ్గించినా 90 వేలు మిగిలినట్టే. ఈ మాట బాబాయికి అర్థమైనంతగా మీరు చూపించే ఏ సర్టిఫికెట్టూ అర్థం కాదు.

మూడోది మేస్త్రీల బిల్లు. చిన్న సైట్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? సన్‌షేడ్ కొలతలోకి వస్తుందా? తలుపులు, కిటికీల చోటు తీసేయాలా? పని మొదలయ్యే ముందే ఇవి రాసుకుని, కొలత తీసేటప్పుడు మేస్త్రీ పక్కన ఉండి, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం చేసి, దాని ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉంటే చాలు. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు. కానీ డిజిటల్ అన్నది నిలబడేది ఇలాంటి ఒప్పందం మీదే. ఇద్దరూ ఒప్పుకున్న అంకె లేకపోతే ఏ యాప్‌లో ఎక్కించినా అది ఒక వైపు మాటే.

ఏది ముందు నేర్చుకోవాలి

ఇక ఆ యాభై వేల సంగతి. బిమ్ నేర్చుకోవద్దని నేను చెప్పను. బ్రిటన్ ప్రభుత్వం 2016 నుంచి తన కేంద్ర ప్రాజెక్టులకు బిమ్ తప్పనిసరి చేసింది. సింగపూర్‌లో పెద్ద భవనాల ప్లాన్లు ఆ పద్ధతిలోనే ఇవ్వాలన్నారు. అలాంటి విదేశీ ప్రాజెక్టులకు మోడల్స్ తయారుచేసే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి, వాటిలో మనవాళ్లు పనిచేస్తున్నారు. మీ గురి అదే అయితే ఆ కోర్సు మీకు పనికొస్తుంది. కానీ అప్పు చేసి కట్టే ముందు రెండు పనులు చేయండి. విద్యార్థులకు ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా వాడుకునే వీలుంది. కాలేజీ ఐడీతో తీసుకుని రెండు నెలలు మీ అంతట మీరు ప్రయత్నించండి. మీకు నచ్చే పనేనా కాదా తెలుస్తుంది. ఆ తర్వాత, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని ఉద్యోగంలో చేరిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. నంబర్లు ఇవ్వలేకపోతే ఫీజు కూడా కట్టకండి.

చిన్న సంస్థలో చేరాలనుకునేవారికి నేను చెప్పే క్రమం వేరు. మొదట క్వాంటిటీలు. డ్రాయింగ్ చూసి సిమెంటు, కమ్మీ, ఇటుక, ఇసుక ఎంతో తేల్చడం చేత్తో రావాలి. కొలతల పద్ధతికి ఐఎస్ 1200 ఉంది, ఒకసారి తిరగేయండి. రెండోది ఎక్సెల్. చాలామంది రెజ్యూమెలో ‘ఎంఎస్ ఆఫీస్’ అని రాస్తారు, పివట్ టేబుల్ వేయమంటే నోరెళ్లబెడతారు. స్టాకు రిజిస్టర్, కూలీల మస్టరు, రన్నింగ్ బిల్లు, ఈ మూడూ ఎక్సెల్‌లో మీ సొంతంగా తయారుచేయగలిగితే సగం యుద్ధం గెలిచినట్టే. మూడోది ఆటోక్యాడ్. నాలుగోది ఎంఎస్ ప్రాజెక్ట్ లాంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి. సైటు యాప్‌లు ఆ తర్వాత వారంలో వస్తాయి.

వీటికి పరీక్ష ఎక్కడంటే మీ వీధిలోనే. దగ్గర్లో కడుతున్న ఇల్లు ఒకటి చూసుకోండి. మేస్త్రీని ‘అన్నా, నేను సివిల్ చదువుతున్నా, నేర్చుకుంటాను’ అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ. స్లాబుకు ముందు మీ లెక్క వేసి పెట్టుకోండి. పోశాక వాడిన లెక్కతో పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో మేస్త్రీనే అడగండి. అలాంటి మూడు స్లాబుల లెక్కలు నాలుగు పేజీల్లో పెట్టి ఇంటర్వ్యూకు తీసుకెళితే, ఆ నాలుగు పేజీల ముందు మిగతా ప్రాజెక్టు రిపోర్టులు నిలవవు.

ఇది సివిల్ వాళ్లకే అనుకోకండి. డిప్లొమా పిల్లలకు ఇంకా ముందే దారి ఉంది. బీకాం చదివి ట్యాలీ, జీఎస్టీ వచ్చినవారు సైటు లెక్కను ఆఫీసు లెక్కతో కలపగలిగితే ఆ 80 శాతం సంగతి నెలనెలా చూసి చెప్పొచ్చు. బిల్డర్‌కు అది చాలా విలువైన సాయం.

కళ్లు తెరుచుకుని వెళ్లండి

ఇంతా చెప్పి రెండో వైపు దాచడం తప్పు. చిన్న సంస్థల్లో మొదట్లో జీతం తక్కువే. కొన్నిచోట్ల నెల తిరిగాక పది పదిహేను రోజులకు గానీ అందదు. ఇంజినీర్ అని చేర్చుకుని బ్యాంకు పనులు, రిజిస్ట్రేషన్ ఆఫీసు పనులు కూడా చేయిస్తారు. ఆఫర్ లెటర్ అడిగితే ‘మన మధ్య కాగితాలెందుకు’ అంటారు. బంధువుల దగ్గరైతే మరీను. మీరు మాత్రం కాగితం అడగండి. జీతం ఎంత, ఏ తేదీకి, ఎన్ని సైట్లు చూడాలి, ఆరు నెలల తర్వాత పెంపు ఉందా, ఎవరికి రిపోర్టు చేయాలి, ఈ అయిదు మాటలు రాసుంటే చాలు. లెక్క రాయడానికి ఒక మనిషిని పెట్టుకుంటూ అతని జీతం లెక్క రాయని సంస్థలో మీ లెక్కలకూ విలువ ఉండదు.

ఇంకో చేదు నిజం ఉంది. అన్ని లెక్కలూ రాయడం అందరికీ ఇష్టం ఉండదు. కొంత డబ్బు పుస్తకం బయట తిరుగుతుందన్నది మన రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. డిజిటల్ వద్దనేవాళ్లలో కొందరి అసలు భయం ఇదే. దాన్ని మీరు ఒక్కరే మార్చలేరు. కానీ మీ చేత్తో అబద్ధం రాయకండి. కాంక్రీటు క్యూబులు 28 రోజులకు పరీక్షించకుండానే ‘పాస్’ అని ఎక్కించమంటే, జరగని పని జరిగినట్టు శాతం పెంచి చూపించమంటే, కుదరదని మర్యాదగా చెప్పండి. రేపు ఏదైనా జరిగితే ఆ ఫైల్లో ఉండేది మీ పేరే. నోటు పుస్తకం పోగొట్టుకోవచ్చు, సర్వర్లో ఎక్కిన మీ ఎంట్రీ తేదీతో సహా ఉంటుంది.

ఆ ఎంట్రీకి మంచి వైపు కూడా ఉంది. శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో, ఒడిశా నుంచో వచ్చి స్లాబు మోసే కూలీ, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలంటే గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పనిలో ఉండాలి. 1996 నాటి చట్టం పెట్టిన షరతు ఇది. సైట్లలో ఆ 90 రోజులకు రుజువు దొరక్క ఇబ్బందిపడేవాళ్లు ఉంటారు. మీరు రోజూ సరిగా ఎక్కించే మస్టరు ఆ రుజువుగా పనికొస్తుంది. ఓనర్‌కు చూపించే అదే షీటును మేస్త్రీకి, కూలీలకు కూడా శనివారం సాయంత్రం చూపించండి. ‘ఈ వారం నీవి అయిదున్నర రోజులు, అడ్వాన్సు ఇంత పోను ఇంత’ అని ఫోన్లో చూపిస్తే, కాపలా అనుకున్న ఆ ఫోనే వాళ్లకు సాక్ష్యంలా కనబడుతుంది. మా సంస్థలో మేము చేయలేకపోయిన పని ఇదే. మీరు ముందు నుంచే చేయండి.

బాబాయికి ఏం చెప్పాలి

అందుకే, ఆ వెనక బెంచీ అబ్బాయికి నా సమాధానం ఇది. అప్పు చేయొద్దని నాన్నకు చెప్పు. బాబాయి దగ్గరికి వెళ్లు. ఉద్యోగం అడగకు. వచ్చే స్లాబు ఒక్కదాని లెక్క నాకు ఇవ్వమని అడుగు. పోయకముందు ఎంత పట్టాలో రాసి ఆయన చేతిలో పెట్టు. పోశాక ఎంత పట్టిందో రాసి పక్కన పెట్టు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాక, ‘లెక్కలన్నీ నా బుర్రలో ఉన్నాయి’ అన్న మనిషి ఒక్క నిమిషం ఆగుతాడు. ఆ నిమిషంలో జీతం సంగతి మాట్లాడు.

ఒకవేళ ఆయన అప్పటికీ వద్దంటే బాధపడకు. ఆ రెండు కాగితాలూ నీవే. అదే ఊళ్లో నాలుగు వీధుల అవతల ఇంకో బిల్డర్ ఉంటాడు. ఆయనకు మూడో సైటు మొదలై ఉంటుంది.